గాలికి దారి, చీముకి దారి

మా చెవి, ముక్కు, గొంతు విభాగంలో ఓపీ ఉన్న రోజున వరండా నిండా జనమే. అందరూ చీటీ నంబరు ప్రకారం లోపలికి వస్తారు. ఒక్కరి విషయంలో మాత్రం నేనే కుర్చీలోంచి లేచి వెళ్లి, వరస దాటించి తీసుకొస్తాను. ఆ ఒక్కరు ఎవరంటే, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి కూర్చున్న మనిషి.

ఎందుకో చెబుతాను. మనం రోజంతా ఉమ్మి మింగుతూనే ఉంటాం. మాటల మధ్య మింగుతాం, నిద్రలోనూ మింగుతాం. మామూలు గొంతునొప్పి ఎంత ఉన్నా, ముఖం చిట్లించుకునైనా గుటక వేస్తాం. అలాంటిది, ఎదిగిన మనిషి తన ఉమ్మిని తానే మింగలేక తుండులోకి కారనిస్తున్నాడంటే, లోపల దారి మూసుకుపోతోందని అర్థం. గొంతులో అన్నం దిగే దారి, గాలి దిగే దారి పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మూసుకుంటుంటే రెండోది ఎంతసేపు తెరిచి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

ఈవేళ మీతో మాట్లాడబోయేది ఆ తుండుగుడ్డ వెనక ఉన్న జబ్బు గురించే. గొంతు లోతుల్లో పట్టే చీముగడ్డలు. ఇవి పిల్లలకూ వస్తాయి గానీ, వాళ్లకు వచ్చే తీరు వేరు. ఈరోజుకు పెద్దవాళ్ల సంగతే చెప్పుకుందాం.

చీముగడ్డ అంటే మీకు తెలియనిదేం కాదు. వేసవిలో సెగగడ్డలు లేస్తాయి. ఎర్రగా ఉబ్బుతాయి, సలుపుతాయి, నాలుగు రోజులకు పండి చితుకుతాయి. చీము పోగానే ప్రాణం లేచొస్తుంది. చర్మం మీద లేచిన గడ్డకు బయటికి దారి దగ్గర. గొంతు లోతున లేచిన గడ్డకు ఆ దారి లేదు. అది పైకి కనబడదు. పండినా చర్మం దాకా రాదు. మరి ఆ చీము ఎటు పోతుంది?

అరటి బోదెను ఎప్పుడైనా అడ్డంగా కోసి చూశారా? పొర మీద పొర, పొర మీద పొర. పొరల మధ్య సందులు. పైనుంచి నీళ్లు పోస్తే ఆ సందుల వెంటే కిందికి జారిపోతాయి. మన మెడ కూడా అలాంటిదే. కండరాలు, పెద్ద రక్తనాళాలు, గాలిగొట్టం, అన్ననాళం, వెన్నుపూసలు, అన్నిటినీ పల్చటి పొరలు చుట్టి ఉంటాయి. తల తిప్పినప్పుడు, గుటక వేసినప్పుడు ఒకదాని మీద ఒకటి జారడానికి ఆ పొరల మధ్య సందులున్నాయి. అక్కడ చీము చేరిందంటే సందు వెంటే పాకుతుంది. పక్కకి పాకితే గాలిగొట్టాన్ని నొక్కుతుంది. కిందికి పాకితే ఛాతీలోకి దిగుతుంది. గొంతు వెనక ఉండే ఒక సందు అయితే పుర్రె అడుగున మొదలై, గుండె వెనకగా, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న డయాఫ్రమ్ దాకా అడ్డూ ఆపూ లేకుండా సాగుతుంది. మెడలో పుట్టిన చీము ఛాతీ అడుగుకు చేరడానికి కొన్నిసార్లు రెండు మూడు రోజులు చాలు.

అందుకని రెండే మాటలు గుర్తుపెట్టుకోమంటాను. గాలికి దారి. చీముకి దారి. ముందు గాలికి, ఆ తరవాత చీముకి. మందులు ఈ రెండింటికీ తోడు నడుస్తాయి. మళ్లీ చెబుతున్నాను. ముందు గాలికి దారి, తరవాత చీముకి దారి.

వీటిలో మేం ఎక్కువగా చూసేది టాన్సిల్ పక్కన పట్టే గడ్డ. వయసులో ఉన్నవాళ్లలోనే ఎక్కువ. ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, హాస్టల్లో ఉంటాడు. జ్వరం, గొంతునొప్పి వస్తే మందులషాపుకి వెళ్లి రెండు రోజులకు మాత్రలు తెచ్చుకున్నాడు. కాస్త నెమ్మదించింది, మానేశాడు. నాలుగో రోజుకు నొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి ఒక్క పక్కనే. ఆ పక్క చెవిలోకి పోటు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ, "ఏంట్రా, వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నావా?" అని అడిగిందట. ఆమె డాక్టరు కాదు. కానీ ఈ జబ్బు గుర్తుగా మా పుస్తకాల్లో రాసి ఉన్నది సరిగ్గా ఆ మాటే. పుస్తకాలు రాసినవాళ్లు వేడి బంగాళాదుంప అన్నారు, ఆమె అన్నం ముద్ద అంది. గొంతు మారిందని ఫోన్లో పసిగట్టి, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించుకోమని పట్టుబట్టింది. ఆ తల్లికి నేను మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో!

నోరు తెరవమంటే ఆ అబ్బాయి ఒక్క వేలు పట్టేంతే తెరవగలిగాడు. మీరూ ఇప్పుడే ఒకసారి చూసుకోండి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మూడూ కలిపి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పెట్టండి. చాలామందికి మూడు వేళ్లూ పడతాయి. గొంతునొప్పి, జ్వరం ఉండి, మొన్నటిదాకా మూడు వేళ్లు పట్టిన నోట్లో ఇవాళ ఒక్కటే పడుతోందంటే, దవడ కండరాల పక్కన చీము చేరిందేమోనని అనుమానించాలి.

టార్చి వేసి చూశాను. ఒక పక్క అంగిలి ఉబ్బి నిగనిగలాడుతోంది. నడుమ వేలాడాల్సిన కొండనాలుక అవతలి పక్కకు తోసుకుపోయింది. చాలాసార్లు జబ్బు పేరు చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలు, ఏ స్కానూ అక్కర్లేదు. కొండనాలుక జారిందనుకుని కొందరు దానికి ఉప్పు, మిరియాల పొడి అంటిస్తారు. కొండనాలుక తప్పేమీ లేదండీ. దాన్ని తోస్తున్నది పక్కనున్న చీము.

గొంతులో మత్తుమందు స్ప్రే కొట్టి, లావుపాటి సూదితో ఆ చీము లాగేశాం. ఒక చెంచాడు ఉంటుంది, అంతే. కొందరికి సూది చాలదు, చిన్న గాటు పెట్టాలి. పావుగంట తరవాత ఆ అబ్బాయి గ్లాసుతో నీళ్లు తాగి, "గుటక పడింది సార్" అన్నాడు. ఆ చెంచాడు చీము వెనకాలే, కొద్ది దూరంలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని చేతులు జోడించి చెబుతున్నాను. పిన్నీసుతోనో, బ్లేడుతోనో దాన్ని ఇంట్లో పొడిచే ప్రయత్నం ఎవరూ చెయ్యకండి.

ఇక తుండుగుడ్డ మనిషి దగ్గరికి వస్తాను.

నలభై ఆరేళ్ల రైతు. వరికోతల రోజులు. కింది దవడలో చివరి పన్ను పుచ్చి చాన్నాళ్లయింది. సలిపినప్పుడు లవంగం పెట్టుకునేవాడు, నొప్పి మాత్ర వేసుకునేవాడు. కోతలయ్యాక పీకించుకుందాంలే అనుకున్నాడు. ఒక సాయంత్రం గడ్డం కింద వాచింది. ఊళ్లో ఆరెంపీ రెండు ఇంజెక్షన్లు చేశాడు. ఆ రాత్రి వేడి కాపడం పెట్టారు. మర్నాటికి వాపు రెండు పక్కలకూ పాకింది. మూడోనాటికి నాలుక పైకి లేచి పళ్ల మధ్యకు వచ్చింది. పడుకుంటే ఊపిరాడక, ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చాడు. పొద్దున్నే అతన్ని తీసుకొచ్చిన భార్య నాతో అన్న మొదటి మాట, "మంచినీళ్లు కూడా దిగట్లేదు డాక్టరుగారూ, పన్నునొప్పికి ఇంతవుతుందా?" అని.

అవుతుందమ్మా. పంటికీ గొంతుకీ సంబంధం ఉంది. నోటి అడుగున, నాలుక కింద, ఒక పల్చటి కండరం జంపఖానాలా పరుచుకుని ఉంటుంది. కింది దవడలో వెనక ఉండే దంతాల వేళ్లు ఆ కండరం కంటే కిందికి దిగి ఉంటాయి. అందువల్ల ఆ వేరు కొసన పట్టిన చీము నోట్లోకి రావడానికి బదులు మెడలోకి జారుతుంది. అక్కణ్ణించి నాలుక కిందికి చేరి, నాలుకను పైకీ వెనక్కీ తోస్తుంది. వెనక్కి తోసుకొచ్చిన నాలుక గాలిదారిని మూస్తుంది. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాసిపెట్టాడు. ఆయన పేరు మీదే లుడ్విగ్స్ ఆంజైనా అంటాం. ఆంజైనా అనగానే గుండెపోటు అనుకుని కంగారు పడతారు కొందరు. గొంతు నులిమినట్టుండడం అని ఆ మాటకు పాత అర్థం. పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు పట్టినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు. ఊపిరాడక పోయినవాళ్లే ఎక్కువ.

గడ్డం కింద నొక్కి చూశాను. సెగగడ్డలా మెత్తగా లేదు. చెక్కలా ఉంది. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల శబ్దం. ఆ శబ్దం విన్నాక వైద్యుడు ఇంకే పరీక్షకీ ఆగకూడదు.

మెడ లోతుల్లో చీము ఎక్కడుందో, ఎంతుందో చెప్పడానికి మా దగ్గరున్న మంచి సాధనం సీటీ స్కాన్. నరంలోకి రంగుమందు ఎక్కించి తీస్తే, చీమున్న చోటు నల్లగా, దాని చుట్టూ అంచు తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. కానీ ఆ స్కాన్ తీయాలంటే వెల్లకిలా పడుకోవాలి. కూర్చుంటేనే ఊపిరాడని మనిషిని పడుకోబెడితే నాలుక ఇంకా వెనక్కి పడి, స్కాన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు. అందుకే ముందు గాలికి దారి అని అన్నిసార్లు అంటున్నాను. ఊపిరి నిదానంగా ఉన్నవాళ్లకు స్కాన్ ముందు. ఊపిరికి కష్టంగా ఉన్నవాళ్లకు శ్వాసగొట్టం ముందు, స్కాన్ తరవాత. మీరు రోగిని ఆటోలోనో, కారులోనో తీసుకొస్తున్నా ఇదే సూత్రం. నిమ్మళంగా ఉంటుందని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టే తీసుకురండి.

మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నని కెమెరా పంపి, దాని మీదుగా శ్వాసగొట్టం దించడానికి చూశాం. వాపులో దారి దొరకలేదు. ఇక మిగిలింది ట్రకియాస్టమీ. మెడ ముందు భాగంలో, వాపుకు కింద, చర్మానికి మత్తిచ్చి, గాలిగొట్టానికి చిన్న రంధ్రం పెట్టి గొట్టం అమర్చడం. ఆ మాట చెప్పగానే అతని భార్య వణికిపోయింది. "గొంతు కోస్తారా? ఇక ఈయనకు మాట రాదా?" అంది.

అలా అడిగేవాళ్లను నేను ఎప్పుడూ విసుక్కోను. గొంతు కోయడం అన్న మాటకు మన భాషలో ఉన్న అర్థం అలాంటిది. "అమ్మా, ఇది ఊపిరి కోసం తీసే కిటికీ. వాపు తగ్గాక గొట్టం తీసేస్తాం. రంధ్రం దానంతటదే పూడుతుంది. మాట వస్తుంది" అని చెప్పాను. ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, సంతకం పెట్టింది.

ఆమెకు చెప్పే వ్యవధి లేని కథ ఒకటి మీకు చెబుతాను. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న పోయింది గొంతు జబ్బుతోనే. తెల్లవారుజామున మింగలేక, ఊపిరాడక లేచారు. రాత్రికల్లా ప్రాణం పోయింది. ముగ్గురు వైద్యులు పక్కనే ఉన్నారు. అప్పటి పద్ధతి ప్రకారం పదే పదే నరం కోసి రక్తం తీశారు. వాళ్లలో చిన్నవాడు, ఎలైషా డిక్ అనే వైద్యుడు, గాలిగొట్టానికి రంధ్రం పెడదామన్నాడు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. వాషింగ్టన్‌కు గొంతులో చీముగడ్డ లేచిందని చాలాకాలం అనుకున్నారు. గాలిగొట్టం పైనుండే మూత వాచిందని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. ఏ జబ్బయినా ఆరోజు మూసుకుపోయింది మాత్రం గాలిదారే. ఆ యువ వైద్యుడి మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మా రైతుకు గొట్టం అమరింది. ఊపిరి కుదుటపడింది. అప్పుడు మత్తిచ్చి, గడ్డం కింద కోసి, బిగిసిపోయిన పొరలు విప్పాం. ఇలా కోసినప్పుడు దోసెడు చీము వస్తుందని ఇంటివాళ్లు ఎదురుచూస్తారు. ఈ జబ్బులో మొదట్లో అంత రాదు. కంపుకొట్టే నీరులాంటి రసం వస్తుంది. అది పోవడానికీ, లోపలి బిగువు తగ్గడానికీ దారి ఇవ్వడమే ముఖ్యం. ఆ పన్ను కూడా అప్పుడే తీసేశాం. దాన్ని ఉంచితే ఊటబావిని ఉంచి నీళ్లు తోడినట్టే.

ఇంకో సంగతి అక్కడే బయటపడింది. అతని రక్తంలో చక్కెర 400 దాటింది. తనకు షుగరున్నట్టు అతనికి తెలియదు. ఇది నేను పదే పదే చూస్తున్నాను. చక్కెర ఎక్కువున్న రక్తంలో తెల్లకణాలు మందగిస్తాయి, క్రిములతో సరిగా పోరాడలేవు. గడ్డ త్వరగా పెరుగుతుంది, నెమ్మదిగా మానుతుంది. షుగరున్నవాళ్ల చీములో క్లెబ్సియెల్లా అనే క్రిమి తరచుగా కనబడుతుంది. మామూలు గొంతునొప్పి మందులకు అది లొంగకపోవచ్చు. అందుకే తీసిన చీమును కల్చర్ పరీక్షకు పంపుతాం. ఏ క్రిమి, ఏ మందుకు చస్తుంది అని తేల్చుకుంటాం. ఈ లోగా సాధారణంగా ఈ చోట ఉండే క్రిములన్నిటికీ పనిచేసే మందులు నరంలోకి ఎక్కిస్తాం. చక్కెరను ఇన్సులిన్‌తో అదుపులో పెడతాం.

మంచి మందులుండగా కోయడం ఎందుకని చాలామంది అడుగుతారు. చిన్న గడ్డయితే, ఊపిరి బాగుంటే, మేమూ కోయం. ఆసుపత్రిలో ఉంచి, నరంలోకి మందులిస్తూ ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటాం. కొన్ని అలాగే కరిగిపోతాయి. కానీ గోడ కట్టుకుని నిలిచిన చీము మధ్యకు రక్తం వెళ్లదు. రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. ఇది మరోసారి చెబుతాను. రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. అప్పుడు చీముకి దారి ఇవ్వక తప్పదు.

ఊళ్లో చేసే ఇంజెక్షన్ల గురించి కూడా ఒక మాట. వాటిలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దానితో ఒక పూట జ్వరం దిగుతుంది, వాపు తగ్గినట్టుంటుంది, ఆకలేస్తుంది. మేమూ అవసరమైతే ఒక మోతాదు వాడతాం, అయితే చీము సంగతి, చక్కెర సంగతి చూసుకుని, యాంటీబయాటిక్ కూడా ఇస్తూ వాడతాం. ఏం జబ్బో తేల్చకుండా ఇస్తే అది జబ్బును దాచిపెడుతుంది. షుగరున్నవాళ్లకు చక్కెర ఇంకా పెంచుతుంది. ఆ తగ్గిన ఒక్క పూటే ఎంతోమందికి విలువైన కాలాన్ని పోగొట్టింది.

పెద్దవాళ్లలో గొంతు వెనక గడ్డ పట్టడానికి మరో దారి ఉంది. చేప ముల్లు. కోడి ఎముక కూడా. ముల్లు గుచ్చుకుంటే మనవాళ్లు పెద్ద అన్నం ముద్ద నమలకుండా మింగమంటారు, అరటిపండు మింగమంటారు. ముల్లు జారిపోతే సరే. జారకపోతే ఆ ముద్ద దాన్ని ఇంకా లోపలికి గుచ్చుతుంది. గొంతు వెనక గోడకు పడిన ఆ చిన్న చిల్లులోంచి క్రిములు వెళ్లి, ఇందాక చెప్పిన పొడవాటి సందులో చీము పడుతుంది. ముల్లు గుచ్చుకుని ఒకటి రెండు రోజులైనా గుటకలో పోటు పోకపోయినా, జ్వరం వచ్చినా, మెడ బిగుసుకున్నా, ఛాతీలో నొప్పి మొదలైనా ఆగకండి. పక్కనుంచి తీసిన మెడ ఎక్స్‌రేలో గాలిగొట్టానికీ వెన్నుపూసకూ మధ్య నీడ వెడల్పయి కనబడుతుంది. ఆ తరవాత స్కాన్ తీస్తాం. చీము ఛాతీలోకి దిగితే ఛాతీ శస్త్రవైద్యులు కూడా చెయ్యి వెయ్యాలి.

అదే చోట నెమ్మదిగా పెరిగే గడ్డ ఇంకొకటి ఉంది. మెడ పూసలకు పట్టిన క్షయ వల్ల వచ్చేది. దీన్ని చల్లగడ్డ అంటాం. మంట ఉండదు, ఎర్రదనం ఉండదు. నెలల తరబడి మెడనొప్పి, సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, ఎప్పుడో మింగడం కష్టమవడం. ఈ గడ్డను తొందరపడి నోట్లోంచి కోయకూడదు. సూదితో కొంచెం చీము తీసి క్షయ పరీక్షకు పంపాలి. వెన్నెముక డాక్టరు చూడాలి. నెలల తరబడి మందులు వాడాలి. ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. చేతుల్లో తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గడం కనిపిస్తే మాత్రం ఆరోజే రావాలి.

గొంతునొప్పి వచ్చిన ప్రతివాళ్లూ భయపడాలని నేను చెప్పడం లేదు. ఎక్కువమందికి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే, వారం రోజులు ఓపిక పడితే తగ్గిపోతుంది. మీరు గమనించాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. నొప్పి ఒక్క పక్కకే చేరిందా? నోరు మూడు వేళ్లు తెరుచుకోవడం లేదా? మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టుందా? గడ్డం కిందో, మెడ పక్కనో వాచిందా? వీటిలో ఏది ఉన్నా ఆరోజే డాక్టరుకు చూపించండి. ఉమ్మి మింగలేకపోతే, పడుకుంటే ఊపిరాడకపోతే, నాలుక పైకి లేస్తే, ఊపిరిలో ఈల వినిపిస్తే ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. పడుకోబెట్టకండి.

మా రైతుకు ఎనిమిదో రోజున మెడలో గొట్టం తీశాం. ఆ రంధ్రం మీద గాజుగుడ్డ పెట్టి, వేలితో నొక్కి పట్టుకుని మాట్లాడమన్నాను. వారం రోజులుగా పలక మీద రాసి చూపిస్తున్న మనిషి. నెమ్మదిగా వేలు పెట్టుకున్నాడు. గరగరలాడే గొంతుతో భార్య వైపు తిరిగి, "కోతలయ్యాయా?" అని అడిగాడు.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "మీ తమ్ముడు నూర్పిళ్లు కూడా చేయించేశాడు" అంది.